పునాది కన్నా ముందే పాదు

"రిటైరైతే ఇల్లు ఎలాగోలా కొనుక్కుంటాం. ఈ పెరడు ఎక్కడ దొరుకుతుంది?"

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారం క్వార్టర్లలో ఉంటూ ఉద్యోగం చివరికొచ్చిన తెలుగు కుటుంబాల్లో ఈ దిగులు మామూలే. ప్రావిడెంట్ ఫండ్ లెక్క తేలుతుంది, పిల్లల పెళ్లి లెక్క తేలుతుంది, ఫ్లాటు ఎన్నో అంతస్తులో తీసుకోవాలన్నదీ తేలుతుంది. వెనకవైపు కరివేపాకు చెట్టు, దాని పక్కన ములగ, దడి మీద పాకిన దొండ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంట్లో మాట ఆగిపోతుంది. ఈ అధ్యాయం వాళ్ల కోసం. వాళ్లలాగే కొత్త కాలనీలో ఇల్లు కొనబోతున్న ప్రతి ఒక్కరి కోసం కూడా.

నేను చెప్పదలచింది ఒకటే. కూర పండించుకునే నేలకు ఇంటి నక్షాలోనే చోటు ఉండాలి. ఆ చోటు గీయమని అడగాల్సింది కొనుక్కునే మనమే. మనం కార్ పార్కింగు అడుగుతాం, లిఫ్టు ఏ కంపెనీదో అడుగుతాం, గోడకు ఏ రంగు వేస్తారో అడుగుతాం. మడి ఎక్కడ అని అడిగిన కొనుగోలుదారు అరుదు. అడగనిదాన్ని బిల్డరు తనంతట తానుగా ఇవ్వడు. ఎందుకంటే ప్రతి చదరపు అడుగుకూ అతని దగ్గర ఒక ధర ఉంది, పెరడుకు మనమెవరమూ ధర చెప్పలేదు.

భిలాయిలో ఒకప్పుడు ఏం జరిగింది

1955 ఫిబ్రవరి 2న ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కర్మాగారం పక్కనే సెక్టార్లుగా ఊరు లేచింది. విశాలమైన రోడ్లు, ప్రతి సెక్టారుకూ బడి, అంగళ్లు, మైదానం. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931 నాటికే ఉండటంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల పల్లెల నుంచి మనవాళ్లు పని వెతుక్కుంటూ ఆ దారినే ఎక్కారు. ఇప్పుడు భిలాయి పక్కనున్న దుర్గ్ నుంచి విశాఖకు వందేభారత్ నడుస్తోంది, 2024 సెప్టెంబరులో మొదలైంది. అప్పట్లో వచ్చినవాళ్లు ట్రంకుపెట్టెలతో వచ్చారు. వాళ్లలో చాలామంది చేతులు అప్పటిదాకా నాగలి పట్టినవే.

క్వార్టరు నక్షా గీసినవాళ్లు ఏ ఉద్దేశంతో గీసినా, ఇంటి ముందూ వెనకా మట్టి నేల వదిలారు. ఆ ఒక్క నిర్ణయంతో మిగతాదంతా దానంతటదే జరిగింది. ఎవరూ పథకం పెట్టలేదు, సబ్సిడీ ఇవ్వలేదు, శిక్షణ తరగతులు నడపలేదు. మట్టి కనిపించింది కాబట్టి మనిషి విత్తనం వేశాడు. మామిడి, జామ, పనస, నిమ్మ, అరటి, ములగ, ఆనప పందిరి. షిఫ్టు దిగి వచ్చిన మనిషి స్నానానికి ముందు పాదులకు నీళ్లు పెట్టడం భిలాయిలో ఒక తరం దినచర్య. ఆ పెరడుల నుంచి కూర బుట్టలు గోడల మీదుగా పక్కింటికి వెళ్లాయి. అటువైపు ఇంట్లో బెంగాలీలో, మలయాళీలో, ఛత్తీస్‌గఢీవాళ్లో ఉండేవారు. మనం గోంగూర ఇస్తే ఛత్తీస్‌గఢీవాళ్లు "అమారీ భాజీ" అని గుర్తుపట్టి తీసుకునేవారు. రెండు భాషల్లోనూ అదే పుల్లటి ఆకు కనుక వేరే పరిచయం అక్కర్లేకపోయింది.

ఇందులో ఆ ప్రాంతం పాత్ర కూడా ఉంది. ఛత్తీస్‌గఢ్ పల్లెలో ఇంటి వెనక కూర పండించుకునే నేలను "బారి" అంటారు. ఎరువు గుంటను "ఘురువా" అంటారు. ఈ రెండు మాటలనూ కలుపుకుని "నరువా, గరువా, ఘురువా, బారి" అన్న నినాదంతో గత దశాబ్దం చివర్లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఒక కార్యక్రమమే నడిపింది. వాగు, పశువు, ఎరువు గుంట, పెరడు అని దాని అర్థం. 2020 జులైలో హరేలీ పండగనాడు పశువుల పేడను కిలో రెండు రూపాయలకు కొనే గోధన్ న్యాయ్ యోజన కూడా మొదలైంది. అదంతా పల్లెల కోసం. పట్నంలో కట్టే కాలనీకి బారి గుర్తుచేసినవాళ్లు లేరు.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. భిలాయి కట్టడానికి ఇంజనీర్లను పంపిన సోవియట్ దేశంలో, యుద్ధం తర్వాత ఆహార కొరత ఉన్న రోజుల్లో, 1949లో ప్రభుత్వం కార్మికులకూ ఉద్యోగులకూ తోటల కోసం నేల ఇవ్వాలని నిర్ణయించింది. కర్మాగారాల ద్వారానే ఆ ముక్కలు పంచారు. 600 చదరపు మీటర్ల ముక్క అక్కడ పరిపాటి అయిపోయింది. ఊరి బయట బంగాళాదుంప, క్యాబేజీ, ఆపిల్ పండించుకున్న ఆ తోటలు 1990ల నాటి కష్టకాలంలో ఎన్నో కుటుంబాలకు తిండి పెట్టాయి. ఉక్కు పని చేసే చేతికి మట్టి కూడా కావాలని ఒక దేశం విధానంగా ఒప్పుకుంది. భిలాయిలో ఆ మాట ఎవరూ విధానంగా రాయలేదు కానీ ఆచరణలో జరిగింది. విధానంగా రాయకపోవడం వల్లే కొత్త కాలనీలు కట్టేటప్పుడు అది జారిపోయింది.

ఇవాళ జున్‌వానీ, స్మృతినగర్, తాల్‌పురీ వైపు నగరం పెరుగుతోంది. క్వార్టరు ఖాళీ చేసినవాళ్లు ఎక్కువగా ఇటే చేరుతున్నారు. ఏ కొత్త కాలనీ బ్రోచరు చూసినా "గ్రీన్" అన్న మాట ఉంటుంది. లోపలికి వెళ్తే పచ్చిక, పేవర్ టైల్స్, గోడ వెంట బొమ్మలాంటి మొక్కలు. మే నెలలో 45 డిగ్రీల ఎండలో ఆ పచ్చిక తాగే నీళ్లు తక్కువేమీ కాదు. అవే నీళ్లు బెండకాయకు పోస్తే సాయంత్రానికి కూర దొరుకుతుంది. పచ్చిక వద్దని నేను అనను, పిల్లలు ఆడుకోవాలి. పిల్లలు అడుగుపెట్టకుండా తీగ కట్టిన పచ్చిక మాత్రం ఎవరి కోసమో నాకు అర్థం కాదు.

అడగడానికి ఒక సమయం ఉంది

ఇల్లు కట్టాక పెరడు అడగడం చాలా కష్టం. అప్పటికి పై మట్టి పోయి ఉంటుంది, డ్రైనేజీ గొట్టాలు ఎక్కడపడితే అక్కడ పరిచి ఉంటాయి, సంఘంలో ప్రతి అడుగు నేల మీదా ఎవరో ఒకరికి ఒక ఆశ ఉంటుంది. నక్షా ఇంకా కాగితం మీద ఉన్నప్పుడు గీత జరపడానికి ఖర్చు లేదు. అడగాల్సింది అప్పుడే.

మీ చేతిలో ఉన్న ఆయుధం 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా. 500 చదరపు మీటర్లు గానీ 8 ఇళ్లు గానీ దాటిన ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. ఆమోదం పొందిన లేఅవుట్ నక్షా, దాని వివరాలు చూపించమని అడిగే హక్కు కొనుగోలుదారుకు 19వ సెక్షన్ ఇస్తుంది. ఉమ్మడి స్థలాలంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో టెర్రస్, పార్కు, ఆటస్థలం ఉన్నాయి. ఆ స్థలాలు చివరికి నివాసుల సంఘానికి అప్పగించాల్సినవే. 14వ సెక్షన్ ఇంకా ముఖ్యం. ఒకసారి ఆమోదించిన నక్షాలో ఉమ్మడి స్థలాలను మార్చాలంటే కొన్నవాళ్లలో కనీసం మూడింట రెండొంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. దీన్ని రెండు వైపుల నుంచీ ఆలోచించండి. నక్షాలో "కూరగాయల మడులు" అని ఒక గడి పడితే, అంతమంది ఒప్పుకోకుండా బిల్డరు దాన్ని తర్వాత పార్కింగు చేసుకోలేడు. ఆ గడి పడకపోతే, తర్వాత దాన్ని తెచ్చుకోవడానికి మీరు అంతమందిని ఒప్పించుకోవాలి.

అందుకని సేల్స్ ఆఫీసులో కూర్చున్నప్పుడు నోటిమాటతో సరిపెట్టుకోకండి. అక్కడి కుర్రాడు మర్యాదగా "తప్పకుండా సార్, గార్డెన్ ఉంటుంది" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, అతని దృష్టిలో పచ్చికే గార్డెన్. "నక్షా మీద చూపించండి. ఆ చోట నీళ్ల కుళాయి ఎక్కడుందో కూడా చూపించండి" అనండి. ఈ రెండో ప్రశ్నే అసలైన పరీక్ష. నిజంగా తోట అనుకున్నచోట కుళాయి గుర్తు ఉంటుంది.

ఒక్కరే అడిగితే అది మీ సరదాగా కనబడుతుంది. ఆరుగురు అడిగితే బిల్డరు కాగితం తీస్తాడు. ఆరుగురు అనడానికి నాకొక ఆధారం ఉంది. బ్రిటన్‌లో 1908 నాటి తోట ముక్కల చట్టం ప్రకారం ఆ ఊరి ఓటర్లు ఆరుగురు కలిసి రాసి ఇస్తే, సాగు ముక్కలు కావాలన్న వాళ్ల కోరికను స్థానిక పాలకవర్గం పరిశీలించి తీరాలి. నూట పదేళ్లు దాటినా ఆ నియమం ఇంకా ఉంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఆరుగురు మాత్రం మన దగ్గరా ఉన్నారు. భిలాయి తెలుగువాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. సెక్టార్ 5 బాలాజీ మందిరంలో శనివారం కలిసేవాళ్లలోనే ఒకే కాలనీలో ఇళ్లు బుక్ చేసినవాళ్లు తేలతారు. పదవీ విరమణ తేదీలు దగ్గరదగ్గరగా ఉన్న సహోద్యోగులు ఎలాగూ ఒకరి ప్రాజెక్టు చూసి ఇంకొకరు కొంటారు. కొనేముందే కలిసి వెళ్లండి. అయితే అందరూ తెలుగువాళ్లే ఉండాలని చూడకండి. ఆ కాలనీలో ఉండబోయే ఛత్తీస్‌గఢీ కుటుంబం ఒకటైనా మీతో ఉంటే, బారి గురించి మీకంటే గట్టిగా వాళ్లే మాట్లాడతారు.

"ఇంతమంది ముందు కూరగాయల గురించి అడగడమేమిటి" అన్న బెరుకు చాలామందికి ఉంటుంది. ముఖ్యంగా జీవితమంతా పైఅధికారి కేటాయించిన క్వార్టరులో ఉన్నవాళ్లకు. మనకు కేటాయింపు తెలుసు, బేరం తెలియదు. ముప్ఫయ్యేళ్లు ఇచ్చింది తీసుకున్న మనిషి, తన డబ్బుతో కొంటున్న ఇంటి విషయంలో కూడా ఇచ్చిందే తీసుకుంటాడు. ఈ అలవాటు మార్చుకోవడానికి ఒక దారి చెబుతాను. కోరికను కొలతగా మార్చండి. "తోట కావాలి" అన్నది కోరిక. "40 కుటుంబాలకు ఒక్కోటి 2.5 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు మడి, మొత్తం 100 చదరపు మీటర్లు, మధ్య దారులకు మరో 100" అన్నది కొలత. కొలత చెప్పేటప్పుడు గొంతు తడబడదు. అవతలివాడు కూడా దాన్ని తోసిపుచ్చడానికి ఇంకో కొలత వెతుక్కోవాలి.

ఈ 2.5 × 1 మీటర్ల కొలత సింగపూర్‌లో వాడుకలో ఉన్నదే. అక్కడి పార్కుల సంస్థ 2005 నుంచి నివాస ప్రాంతాల్లో ఉమ్మడి తోటలను ప్రోత్సహిస్తోంది. తర్వాత విడివిడి మడులు కూడా మూడేళ్ల గడువుకు అద్దెకిస్తోంది. నేల అంత ఖరీదైన ఊళ్లోనే మడికి చోటు దొరికింది. భిలాయి పక్కన దొరకదని ఎవరైనా అంటే నేను నమ్మను. ఒక కారు నిలిపే గడి సుమారు 2.5 × 5 మీటర్లు, అంటే అందులో ఐదు మడులు పడతాయి. ఈ లెక్క బిల్డరు ముందు చెప్పి చూడండి.

ఎక్కడ గీయమని అడగాలి

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం నీడ. బిల్డరు తోటకు చూపించే చోటు తరచు భవనం వెనక, ఎవరికీ అక్కర్లేని మూల. అది ఉత్తరం వైపు అయితే శీతకాలమంతా చీకటే. భిలాయి దాదాపు 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 45 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే భవనం ఎత్తెంతో ఉత్తరాన నీడ అంత పొడవు. ఐదంతస్తుల భవనం 15 మీటర్లనుకుంటే, దాని ఉత్తరం వైపు 15 మీటర్ల దాకా ఎండ పడదు. ఛత్తీస్‌గఢ్‌లో టమాటా, వంగ, క్యాబేజీ, పాలకూర, మెంతికూర బాగా వచ్చే కాలం సరిగ్గా ఆ శీతకాలమే. కాయకూరకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. కాబట్టి భవనాలకు దక్షిణంగా, లేదా ఉత్తరాన భవనం ఎత్తుకు మించిన దూరంలో గీయమనండి. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు, సగం తోట దక్కినట్టే.

టెర్రస్ మీద పెట్టుకోండి అని కొందరు బిల్డర్లు సులువుగా అంటారు. మంచిదే, దానికీ ముందే చెప్పాలి. తడిసిన మట్టి బరువు మనం ఊహించే దానికన్నా చాలా ఎక్కువ. 30 సెంటీమీటర్ల మందం మట్టి నీళ్లు పీల్చాక చదరపు మీటరుకు 500 కిలోల దాకా ఉంటుంది. మనుషులు తిరిగే మామూలు స్లాబును భారతీయ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు 150 కిలోల అదనపు భారానికి లెక్కగడతారు. తేడా మీకే కనిపిస్తోంది. స్లాబు వేయకముందే స్ట్రక్చరల్ ఇంజనీరుతో మడుల చోటు గుర్తుపెట్టించి, వాటర్‌ప్రూఫింగు చేయించి, నీరు పోయే వాలు ఇప్పిస్తే టెర్రస్ చక్కటి తోట అవుతుంది. కట్టేసిన స్లాబు మీద అయితే కొబ్బరిపొట్టు, కంపోస్టు ఎక్కువగా, మట్టి తక్కువగా కలిపిన తేలిక మిశ్రమం, లోతు తక్కువ కుండీలు, అవీ బీముల వెంట. లీకేజీ వచ్చిందంటే పై అంతస్తువాళ్లు తోటకు జీవితాంతం శత్రువులవుతారు. వాళ్ల భయం న్యాయమైనదే, దాన్ని మాటలతో కొట్టిపారేయకండి.

మట్టి సంగతి కొంచెం నిదానంగా

దుర్గ్ ప్రాంతపు రైతు నేలను నాలుగు పేర్లతో పిలుస్తాడు. భాటా అంటే గులకతో కూడిన ఎర్రనేల, నీరు నిలవదు. మటాసీ అంటే పసుపుపచ్చని తేలిక నేల. డోర్సా దానికన్నా బరువైంది. కన్హార్ నల్లరేగడి, వానలో బంక, ఎండలో పగుళ్లు. మీ కాలనీ ఏ నేల మీద లేస్తోందో చుట్టుపక్కల పొలం చేసేవాళ్లను అడిగితే క్షణంలో చెబుతారు. భాటా అయితే ఎరువు దండిగా కావాలి. కన్హార్ అయితే మడులు ఎత్తుగా కట్టాలి.

ఏ నేలైనా దాని సారమంతా పైన జానెడు మందంలోనే ఉంటుంది. కట్టుబడి మొదలైన రోజునే యంత్రం దాన్ని గీరేసి లారీకెత్తుతుంది. మీ ఆరుగురూ రాసే కాగితంలో మొదటి కోరిక ఇదే కావాలి: పునాది తవ్వకముందు పై మట్టిని విడిగా తీసి, స్థలంలోనే ఒక మూల కుప్పపోసి, వానకు కొట్టుకుపోకుండా కాపాడి, చివర్లో మడులకు తిరిగి వాడాలి. హరిత భవనాలకు రేటింగు ఇచ్చే "గృహ" పద్ధతి కూడా పై మట్టిని కాపాడమని చెబుతుంది, కనుక ఇది వింత కోరిక కాదు. ఒకసారి ఆ మట్టి పోయిందంటే దాన్ని మళ్లీ తయారు చేయడానికి మీకు ఏళ్లు పడతాయి.

ఉక్కు ఊరు కనుక ఇంకో జాగ్రత్త చెప్పక తప్పదు. పల్లపు స్థలాలను పూడ్చడానికి ఏది వాడారో కనుక్కోండి. స్లాగు, బొగ్గు బూడిద, కూల్చిన గోడల ముక్కలు ఉన్నచోట నేరుగా కూర నాటవద్దు. పాత గోడల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసానికి మన దేశంలో కఠినమైన పరిమితి అమలైంది 2017 నవంబరు నుంచే. మామూలు భూసార పరీక్షలో నత్రజని, భాస్వరం, పొటాష్, ఉదజని సూచిక వంటివి చూస్తారు. సీసం, కాడ్మియం వంటి భార లోహాలను ప్రత్యేకంగా అడిగితే తప్ప చూడరు. జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలోనో, రాయ్‌పూర్ ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయంలోనో ఆ పరీక్ష ఎక్కడ చేయించుకోవాలో అడిగి తెలుసుకోండి. అనుమానం ఉన్న నేల మీద ఎత్తు మడులు కట్టి, అడుగున గుడ్డ పరిచి, కనీసం అడుగు మందం మంచి మట్టి పోసి వాడటం సురక్షితం. దుమ్ము ఎక్కువ పడే చోట ఆకుకూరల కన్నా బీర, ఆనప, చిక్కుడు మేలు. ఆకు మీద పడే దుమ్ము కడిగితే చాలావరకు పోతుంది, ధారగా నీళ్లు పోసి మూడుసార్లు కడగండి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. సొంతంగా పండించుకున్నాం కాబట్టి మంచిదేనన్న నమ్మకానికి ఒక పరీక్ష కాగితం తోడుండాలని నా కోరిక.

నీళ్ల లెక్క అందరూ భయపడేంత పెద్దది కాదు. మండు వేసవిలో చదరపు మీటరు మడికి రోజుకు ఐదారు లీటర్లు కావాలి. 2.5 చదరపు మీటర్ల మడికి ఒక బకెట్. నలభై మడులకు 600 లీటర్లు. చలికాలంలో అందులో సగం. దుర్గ్ ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైనే వాన కురుస్తుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద పడిన దాంట్లో నష్టం పోను 80 వేల లీటర్లు పట్టుకోవచ్చు. అంతా నిల్వ చేయలేం, అక్కర్లేదు కూడా. తోట పక్కన పదివేల లీటర్ల సంపు ఒకటి ఉంటే చలికాలం నెలరోజులకు సరిపోతుంది. కాలనీలో మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంటే ఆ నీటిని మామిడి, జామ, ములగ చెట్లకు వాడండి. పచ్చిగా తినే కొత్తిమీరకో ముల్లంగికో వాడకండి.

ఎరువు ఇంట్లోనే పుడుతుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కాలనీలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే కంపోస్టు చేయాలన్నాయి. చాలాచోట్ల ఆ గుంట ఎక్కడ పెట్టాలన్న దగ్గరే గొడవ మొదలై పని ఆగిపోతుంది. తోట ఉన్నచోట ఈ గొడవ తేలిగ్గా తీరుతుంది, ఎందుకంటే ఆ కంపోస్టు కోసం ఎదురుచూసే మనుషులుంటారు. నక్షాలో మడుల గడి పక్కనే ఘురువాకూ చోటు రాయించండి.

మనుషులతో పని

ఉమ్మడి తోటలు నీరు లేక చచ్చేకన్నా, ఇది ఎవరిదీ కాదు అన్న భావంతో చచ్చేవే ఎక్కువని నా అభిప్రాయం. మొదటి నెల అందరూ వస్తారు. మూడో నెలకు ఇద్దరు మిగులుతారు. ఆ ఇద్దరూ పెంచిన టమాటాలను ఇరవై మంది కోసుకుంటారు. ఆ తర్వాత ఎవరూ మిగలరు. అందుకే మడి పేరు మీద ఉండాలి. ఏ మడి ఎవరిదో చిన్న పలక మీద రాసి పెట్టాలి. చెట్లు మాత్రం ఉమ్మడిగా ఉండనివ్వండి. కరివేపాకు, ములగ, నిమ్మ, అరటి, బొప్పాయి ఎంత కోసినా అందరికీ అందుతాయి, వాటి మీద పేచీలు తక్కువ.

సంఘం నియమావళిలో నాలుగు మాటలు చాలు. మడి ఏడాదికి ఇస్తారు, బాగా చూసుకుంటే పొడిగిస్తారు. నలభై అయిదు రోజులు ఖాళీగా వదిలేస్తే వరుసలో తర్వాత ఉన్నవారికి వెళ్తుంది. పురుగుమందు చల్లాలంటే పక్క మడి వారిని అడగాలి. నీటి ఖర్చు మడికింత అని ఏడాది మొదట్లోనే కట్టాలి. ఈ చివరి మాట తప్పకుండా పెట్టించండి. మడి తీసుకోని ఇంటివారు "మీ వంకాయలకు మేమెందుకు కట్టాలి" అని అడగకముందే దానికి సమాధానం కాగితం మీద ఉండాలి.

అద్దెకున్నవాళ్లను పక్కన పెట్టకండి. ఇళ్లలో పని చేయడానికి, కాపలాకు వచ్చేవాళ్లలో చాలామంది చుట్టుపక్కల పల్లెలవాళ్లే. వాళ్ల ఇంట్లో బారి ఉంటుంది. చేచ్ భాజీ, కర్మత్తా భాజీ, చరోటా భాజీ లాంటి ఆకుకూరలు ఎప్పుడు మొలుస్తాయో, కోచయీ (చామ) దుంప ఎప్పుడు నాటాలో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. వాళ్లకూ ఒకటో రెండో మడులు ఇవ్వండి. కాలనీలోకి అంతకన్నా మంచి గురువు రాడు. జీతం ఇచ్చి మన మడిలో పని చేయించుకోవడం, వాళ్లకు సొంత మడి ఇచ్చి పక్కన నిలబడి నేర్చుకోవడం, ఈ రెండింటికీ చాలా దూరం ఉంది.

పదవీ విరమణ చేసినవారికి నా మనవి ఒకటుంది. షిఫ్టు సైరను ప్రకారం నడిచిన శరీరానికి ఆ తర్వాత పొద్దున్న లేవడానికి ఒక కారణం కావాలి. మడి ఆ కారణం ఇస్తుంది. అయితే తోటను మీరొక్కరే భుజాన వేసుకోకండి. కీళ్ల నొప్పులున్నవారు నడుము ఎత్తు మడి అడగండి, ఇటుకతో రెండున్నర అడుగులు లేపితే వంగే పని ఉండదు. చక్రాల కుర్చీ వెళ్లేందుకు దారి మీటరు పైన వెడల్పుండాలి. ఇది కూడా నక్షాలో రాయించాల్సిన కొలతే.

తోట ఎంత ఇస్తుందన్న విషయంలో గొప్పలు చెప్పుకోకూడదు. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. నలుగురున్న ఇంటికి కిలోన్నరకు పైనే. ఒక మడి అంత ఇవ్వదు. ఆకుకూర, పచ్చిమిర్చి, కొత్తిమీర, కరివేపాకు కోసం సంతకు వెళ్లే పని తగ్గిస్తుంది. పిల్లలకు బెండ పువ్వు ఎలా ఉంటుందో చూపిస్తుంది. పక్క ఫ్లాటు వాళ్ల పేరు తెలిసేలా చేస్తుంది. ఇంత చాలదా అంటే, నాకు చాలు.

కాలనీ ఇప్పటికే కట్టేసి ఉంటే

అప్పుడు నక్షా మార్పించడం పక్కన పెట్టి, వాడుక మార్చే దారి చూడండి. పార్కు పార్కుగానే ఉంటుంది, దాని అంచు వెంట ఎండ పడే ఒక బారు ఎన్నుకోండి. సర్వసభ్య సమావేశంలో "ఒక్క శీతకాలం, పది మడులు, ఆ తర్వాత మళ్లీ ఓటు" అని తీర్మానం పెట్టండి. శాశ్వతంగా అడిగితే వద్దనేవాళ్లు కూడా ఒక్క పంటకాలానికి సరేనంటారు. పూల ప్రేమికులను ముందు కలుపుకోండి. భిలాయి మైత్రీబాగ్ పార్కులో జరిగే పూల ప్రదర్శనకు కుండీలు తయారుచేసే మనుషులు ప్రతి కాలనీలో ఉంటారు. మట్టి తెలిసినవాళ్లు వాళ్లే. మడి చుట్టూ బంతి వేస్తామని చెప్పండి. చూసేవాళ్లకు కంటికి నిండుగా ఉంటుంది, తేనెటీగలు వస్తాయి.

మొదటిసారి విఫలం కాని పంటలే వేయండి. పాలకూర, మెంతి, ఎర్ర తోటకూర, ముల్లంగి నెల తిరిగేసరికి చేతికొస్తాయి. వాటి పక్కన రెండు వరుసలు టమాటా, వంగ నారు. క్యాలీఫ్లవర్ జోలికి మొదటి ఏడు వెళ్లకండి. గోంగూరను జూన్ తొలకరికి ఉంచుకోండి. మొదటి కోత మడి లేని ఇళ్లకు పంచండి, ముఖ్యంగా సమావేశంలో వ్యతిరేకించిన ఇంటికి. వానలు తగ్గే సెప్టెంబరు చివరకు మట్టి పరీక్ష కాగితం చేతికి వచ్చి, దసరా సెలవుల్లో మడులు కట్టుకుంటే, దీపావళి దగ్గర విత్తనం వేయొచ్చు. అంటే ఆ తీర్మానం మీద సంతకాలు జులైలో మొదలవ్వాలి.